‘నీకు విశ్వాసం చాలలేదు’ అనవద్దు



వార్డులో మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. “అయ్యగారూ, నేనేం పాపం చేశానని దేవుడు నాకీ జబ్బు పెట్టాడు?” దీనికంటె బాధ కలిగించే మాట మరొకటి ఉంది. అది రోగి నోట రాదు, చూడడానికి వచ్చినవారి నోట వస్తుంది. “నీకు విశ్వాసం చాలలేదమ్మా. ఉంటే ఈపాటికి స్వస్థత వచ్చేది.” ఈ మాట అనేవారు చెడ్డవారు కారు. పండ్లు, రొట్టె పట్టుకుని ప్రేమతోనే వస్తారు. కాని వెళ్ళేటప్పుడు ఆ రోగి గుండె మీద ఒక బండ పెట్టి వెళతారు. ఈ మాట మన సంఘాలలో ఇక వినబడకూడదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇది మన విశ్వాసపు పునాదికే విరుద్ధం.

ఆ పునాది ఏమిటి? విశ్వాసమూలముగా నీతిమంతులుగా తీర్చబడుట. మన తెలుగు బైబిలులోని ‘తీర్చబడుట’ అనే మాటలోనే ‘తీర్పు’ ఉంది. ఇది న్యాయస్థానపు మాట. న్యాయాధిపతి “నిర్దోషి” అని తీర్పు చెప్పిన తరువాత బోనులోని మనిషిని ఎవరూ నేరస్థుడు అనలేరు. దేవుడు మన మంచి పనులను లెక్కవేసి ఈ తీర్పు ఇవ్వడు. క్రీస్తు సిలువ మీద మనకోసం చేసినదానిని బట్టి ఇస్తాడు. పౌలు రోమా పత్రిక 4వ అధ్యాయంలో అబ్రాహామును సాక్షిగా నిలబెట్టింది ఇందుకే. అబ్రాహాము ఇంకా సున్నతి పొందలేదు, ధర్మశాస్త్రం ఇంకా రాలేదు. అయినా అతని నమ్మికనే దేవుడు నీతిగా లెక్కించాడు.

ఈ మాట ఒకప్పుడు సంఘాలను చీల్చింది. అయితే 1999 అక్టోబరు 31న ఔగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, రోమన్ కాథలిక్కులు దీని ముఖ్యాంశాలపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. 2006లో మెథడిస్టులు కూడా దానితో ఏకీభవించారు. కాబట్టి ఇది ఏ ఒక్క శాఖ సొత్తూ కాదు.

మరి మనం చేస్తున్న పొరపాటు ఎక్కడ? మంచి పనులు రక్షణకు వెల కావని ఆదివారం నేర్చుకుంటాము. సోమవారం ఆసుపత్రికి వచ్చి విశ్వాసాన్నే వెలగా మారుస్తాము. చాలినంత చెల్లిస్తే స్వస్థత, తక్కువైతే జబ్బు అన్నట్టు మాట్లాడతాము. విశ్వాసం వెల కాదు, అది చాచిన ఖాళీ చేయి. మాత్ర అందుకునే చేయి వణికినంత మాత్రాన మాత్ర గుణం తగ్గదు. అలాగే మన విశ్వాసం బలహీనమైనా, దానిని పట్టుకున్న క్రీస్తు బలహీనుడు కాడు.

మార్కు సువార్త 2వ అధ్యాయం చదవండి. నలుగురు మనుషులు ఒక పక్షవాయువు రోగిని మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి దించారు. యేసు అతనికి పాపక్షమాపణ ప్రకటించాడు. అప్పటికి అతడు ఇంకా పరుపు మీదనే ఉన్నాడు. లేచి నడిచింది ఆ తరువాత. అంటే దేవుని తీర్పు అతని ఆరోగ్యం కోసం ఎదురుచూడలేదు. ఇంకొక సంగతి గమనించండి. అక్కడ యేసు చూచినది మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని. రోగికి విశ్వాసం ఎంత ఉందని ఎవరూ తూకం వేయలేదు.

ఈ సిద్ధాంతాన్ని బోధించిన పౌలు స్వయంగా ఏమి చేశాడు? తిమోతికి కడుపు జబ్బు ఉంటే విశ్వాసం చాలలేదని రాయలేదు. కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని ఆ కాలపు వైద్యమే చెప్పాడు. త్రోఫిము జబ్బుపడితే అతనిని మిలేతులో ఉంచి వచ్చానని దాచకుండా రాశాడు. తన శరీరంలోని ముల్లు కోసం మూడుసార్లు ప్రార్థించినా అది పోలేదు. దొరికినది కృప.

ఇది మాటలతో పోయే విషయం కాదు, ప్రాణాల మీదికి వచ్చే విషయం. విశ్వాసం నిరూపించుకోవాలని మందులు మానేసేవారు ఉన్నారు. క్షయవ్యాధికి మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిందని, స్వస్థత వచ్చిందని మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని రూపంలోకి మారవచ్చు. మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. ఇన్సులిన్ మీదనే ఆధారపడిన బిడ్డకు దానిని ఆపితే ప్రాణమే పోవచ్చు. స్వస్థత కోసం ప్రార్థించవద్దని నేననను, తప్పక ప్రార్థించాలి. ప్రార్థించి మందు వేసుకోవాలి.

1527లో విట్టెన్‌బర్గ్ పట్టణానికి ప్లేగు వచ్చింది. విశ్వాసమూలముగానే నీతి అని బోధించిన మార్టిన్ లూథర్ ఊరు విడువక రోగులను ఆదుకున్నాడు. ఆ ఏడాదే రాసిన ఒక ఉత్తరంలో, మందులు వాడండి, ఇల్లు శుభ్రపరచండి, అవసరం లేని చోటికి వెళ్ళకండి అని చెప్పాడు. దేవుడిచ్చిన మందును తృణీకరించడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడమే అని ఆయన భావం. మన గుంటూరుకు 1842లో హయ్యరు దొరగారు ఈ సువార్తనే తెచ్చారు. అదే మిషను తరఫున 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు అక్కడ ఆసుపత్రి కట్టించారు. సువార్తకూ వైద్యానికీ వారికి తగవు కనబడలేదు.

అలాగైతే మంచి పనులు అక్కరలేదా అని కొందరు అడుగుతారు. కావాలి. చెట్టు బ్రతికి ఉంటే కాయ కాస్తుంది. కాయలు కట్టి వేలాడదీస్తే ఎండిన చెట్టు బ్రతకదు. యాకోబు చెప్పినదీ ఇదే. దేవుని అంగీకారం దొరికినవాడు, దానిని సంపాదించుకోవాలనే భయం లేకుండా పొరుగువానికి సేవ చేస్తాడు.

కాబట్టి ఈసారి రోగిని చూడడానికి వెళ్ళినప్పుడు విశ్వాసాన్ని తూచవద్దు. ఆ నలుగురిలా మోయండి. మాత్రలు వేసుకున్నారా అని అడగండి. మళ్ళీ చూపించుకోవలసిన రోజున తోడు రండి. ఇంటి దగ్గరి పిల్లలకు ఒక పూట అన్నం పెట్టండి. మంచం మీద ఉన్న సహోదరీ, సహోదరుడా, మీ జబ్బు మీమీద దేవుని తీర్పు కాదు. ఆయన తీర్పు సిలువ దగ్గర వెలువడింది. అది మీ పక్షముగానే ఉంది. రిపోర్టులో ఏమి వచ్చినా అది మారదు.

ప్రభువు మిమ్ములను దీవించును గాక. ఆమేన్.