సదస్సులకూ వనరుల పద్దు అవసరం

సుస్థిర వ్యవసాయం, వాతావరణ మార్పులు, నీటి పొదుపు, పంట వ్యర్థాల నిర్వహణ... ఇటీవలి కాలంలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు నిర్వహిస్తున్న సదస్సులలో అధిక భాగం ఈ అంశాల చుట్టూనే సాగుతున్నాయి. ఈ చర్చలు అవసరమైనవే. అయితే ఆ చర్చ జరిగే సభామందిరం, భోజనశాల, ప్రాంగణమంతా కట్టిన ఫ్లెక్సీలు, ప్రతినిధులు చేసిన ప్రయాణాలు మనం చెప్పే మాటకు ఎంతవరకు అనుగుణంగా ఉన్నాయన్న ప్రశ్న సదస్సు నివేదికలలో అరుదుగా కనిపిస్తుంది. ఎకరానికి ఎంత నీరు, ఎంత నత్రజని, ఎన్ని పనిదినాలు అని ప్రతి ప్రయోగానికీ లెక్క కట్టే శాస్త్రవేత్తలు తాము నిర్వహించే సదస్సుకు ఆ లెక్క కట్టకపోవడం సమంజసం కాదు.

పర్యావరణ హిత సదస్సు అనగానే జనపనార సంచి, పూలగుచ్ఛానికి బదులు మొక్క, వేదికపై ఒక నినాదం గుర్తుకు వస్తాయి. ఇవి తప్పు కావు. కాని ఇవన్నీ చివరి వారంలో తీసుకునే నిర్ణయాలు. వనరుల వినియోగంలో పెద్ద భాగం అంతకు నెలల ముందే, సదస్సు ఎక్కడ, ఎప్పుడు, ఎందరితో జరపాలని నిశ్చయించిన రోజునే ఖరారవుతుంది. విత్తే సమయం, రకం ఎంపిక, మొక్కల సాంద్రత తప్పిన పొలాన్ని పైపాటు ఎరువుతో పూర్తిగా సరిదిద్దలేమని మనకు తెలుసు. సదస్సుల విషయమూ అంతే.

మొదటిది ప్రయాణం. 100 మంది ప్రతినిధులు రానుపోను ఒక్కొక్కరు 1,000 కిలోమీటర్లు ప్రయాణిస్తే మొత్తం లక్ష కిలోమీటర్లు అవుతుంది. ఇది భూమి చుట్టుకొలతకు సుమారు రెండున్నర రెట్లు. ఇదే దూరానికి రైలుకన్నా విమానం వల్ల ఒక్కొక్క ప్రయాణికుని వంతుకు వచ్చే ఉద్గారాలు అనేక రెట్లు అధికం. కాబట్టి ఎక్కువ మంది రైలులో చేరుకోగల స్థలాన్ని ఎంచుకోవడం, దూరం నుండి ఒక్క ప్రసంగానికి వచ్చే వక్తను అంతర్జాలం ద్వారా ఆహ్వానించడం, ప్రారంభ సమయాన్ని రైళ్ల రాకపోకలకు అనుగుణంగా నిర్ణయించడం ఎన్ని జనపనార సంచులు పంచినా సాధించలేని మేలు చేస్తాయి.

రెండవది కాలం. మే నెలలో మూడు రోజులు శీతలీకరించిన మందిరంలో జరిపే సదస్సునే జనవరిలో కిటికీలు తెరిచి జరపవచ్చు. పైగా రబీ పైరు పొలంలో ఉన్నప్పుడు జరిగే క్షేత్ర సందర్శనకు అర్థం ఉంటుంది. కలుపు యాజమాన్యంపై సదస్సు పెట్టి ఖాళీ మడులు చూపించడం వల్ల ప్రయోజనం లేదు. ఖరీఫ్‌కు ముందు జరిగే రైతు మేళాలను వాయిదా వేయలేము. అయితే వాటిని ఉదయం వేళకు పరిమితం చేసి చెట్ల నీడన, షామియానాల కింద జరపడం సాధ్యమే.

మూడవది భోజనం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో 19 శాతం వృథా అయింది. దీనిని మన లెక్కలోకి మార్చి చూద్దాం. 500 మంది భోజనం చేసే సభలో ఒక్కొక్కరు 100 గ్రాముల అన్నం వదిలివేశారనుకుంటే, అది సుమారు 20 కిలోల బియ్యం, అంటే దాదాపు 30 కిలోల ధాన్యం. కిలో ధాన్యం పండడానికి పొలంలో వర్షం, సాగునీరు కలిపి సగటున 2,500 లీటర్లు అవసరమనుకుంటే ఒక్క పూట పారవేసిన నీరు 75,000 లీటర్లు. ఎకరం పొలంలో 18 మిల్లీమీటర్ల వాన కురిసినంత! పొడి–తడి పద్ధతిలో నీరు పెట్టమని రైతుకు ఉదయం చెప్పి, మధ్యాహ్నం మనం చేస్తున్న పని ఇది. ముందురోజు హాజరు నిర్ధారించుకోవడం, వంటకాల సంఖ్య తగ్గించడం, కొసరి వడ్డించడం, జొన్న, కొర్ర వంటి ప్రాంతీయ చిరుధాన్యాలకు చోటివ్వడం ఖర్చు పెంచే పనులు కావు.

ఇక వ్యర్థాల విషయం. ప్లాస్టిక్ పళ్లాలు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, 100 మైక్రాన్లకు తక్కువ మందం గల ప్లాస్టిక్ లేదా పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధం. 100 మందికి మించిన కార్యక్రమాలలో వ్యర్థాలను ఉత్పత్తి స్థానంలోనే వేరు చేయడం నిర్వాహకుల బాధ్యతగా 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు పేర్కొన్నాయి. మందం ఎక్కువైన ఫ్లెక్సీ నిషేధానికి దొరకకపోవచ్చు. దానిని తగులబెడితే వెలువడే విషవాయువులు మాత్రం మందాన్ని బట్టి మారవు. తేదీ వేయకుండా వస్త్రంపై రాయించిన బ్యానరు పదేళ్లు పనికివస్తుంది. పోస్టరు ప్రదర్శనకు ప్రతి విద్యార్థీ ఒక ఫ్లెక్సీ ముద్రించుకురావాలన్న నిబంధనను తెర మీది ప్రదర్శనతో మార్చవచ్చు. కాగితపు కప్పు లోపల కూడా సాధారణంగా పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక స్టీలు గ్లాసు, స్టీలు పళ్లెం లేదా మోదుగ విస్తరాకే మేలు. మిగిలిన వండిన ఆహారాన్ని నేరుగా వానపాముల తొట్టెలో వేయరాదు. అందులోని ఉప్పు, నూనె వాటికి హానికరం. ఎండుటాకులు, వరిగడ్డి కలిపి కర్బన–నత్రజని నిష్పత్తిని 25–30 మధ్యకు తెచ్చి ముందుగా కుళ్లనివ్వాలి.

ముఖాముఖి సదస్సులు అనవసరమని దీని అర్థం కాదు. 2020, 2021 సంవత్సరాల అంతర్జాల సమావేశాలలో ప్రసంగాలు చక్కగానే సాగాయి. విరామ సమయంలో ఒక యువ పరిశోధకుడు పెద్దవారిని కలిసి సందేహం తీర్చుకునే అవకాశం మాత్రం లోపించింది. అందువల్ల సమాచారం చేరవేయడానికే పెట్టిన సమావేశాలు తెర మీద జరగాలి. క్షేత్ర పరిశీలన, చర్చ, శిక్షణ అవసరమైనవి ముఖాముఖి జరగాలి. ఏర్పాట్లు తగ్గితే అతిథులకు మర్యాద లోపించినట్లవుతుందన్న సంకోచం కొందరిలో ఉంది. శాలువా, జ్ఞాపిక, పదిహేను వంటకాల కంటే వక్తకు తగినంత సమయం, శ్రోతలకు ప్రశ్నించే వీలు కల్పించడమే శాస్త్రజ్ఞునికి నిజమైన గౌరవం.

సుస్థిర కార్యక్రమ నిర్వహణకు ఐఎస్ఓ 20121 అనే అంతర్జాతీయ ప్రమాణం 2012 నుండి ఉంది. అది ఇంతే ఖర్చు చేయాలని పరిమితులు విధించదు. ప్రభావాలను గుర్తించి, లక్ష్యం పెట్టుకుని, కొలిచి, సరిదిద్దుకోమంటుంది. మనం అంత దూరం వెళ్లకపోయినా ప్రతి సదస్సు నివేదికకు ఒక పుట వనరుల పద్దును జతచేయవచ్చు. హాజరైనవారి సంఖ్య, ప్రయాణ సాధనాల వారీగా కిలోమీటర్లు, వాడిన విద్యుత్తు, మిగిలిన ఆహారం కిలోలలో, వేరు చేసిన వ్యర్థాల బరువు, ముద్రించిన ఫ్లెక్సీల సంఖ్య... ఈ ఆరు అంకెలు చాలు. జాతీయ సేవా పథకం విద్యార్థులు ఒక తూకపు యంత్రంతో, ఒక నమోదు పత్రంతో ఈ పని చేయగలరు. కొన్ని సంవత్సరాల అంకెలు చేరితే అవే స్నాతకోత్తర పరిశోధనకు సమాచారమవుతాయి. రాబోయే సదస్సుకు నిధులు కోరే ప్రతిపాదనలో గత సదస్సు పద్దును జతచేయాలన్న నియమం వస్తే మార్పు త్వరగా సాధ్యమవుతుంది.

విస్తరణ శాస్త్రానికి మూలం ప్రదర్శన. చెప్పిన మాటకన్నా చూసిన పనిని రైతు నమ్ముతాడు. పంట వ్యర్థాలను తగులబెట్టవద్దని వినడానికి మేళాకు వచ్చిన రైతు సాయంత్రం తిరిగి వెళ్తూ ప్రాంగణం వెనుక కాలుతున్న పళ్లాల కుప్పను చూస్తే, ఆ రోజు మనం చేసిన ప్రసంగాలన్నిటికీ అదే జవాబవుతుంది. సదస్సు ప్రాంగణం కూడా ఒక ప్రదర్శన క్షేత్రమే. దానికీ యాజమాన్య పద్ధతులు, కొలతలు, ఫలితాల పట్టిక ఉండాలి.