గురి తప్పిన తుపాకీతో గౌలిగూడ బస్సెక్కే ముందు

మక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవి పందుల మంద ఒక్క రాత్రి చేలో పడిందంటే తెల్లారేసరికి ఏం మిగులుతుందో రైతులకు చెప్పనక్కర్లేదు. పల్లి చేనుకూ అదే గతి. పగలు కోతులు, రాత్రి పందులు. దాంతో అటకమీది పాత తుపాకీలు మళ్లీ కిందికి దిగుతున్నాయి. కొందరు కొత్తగా ఎయిర్ గన్ కొంటున్నారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఒకటే: గురి పక్కకు పోతోంది, సైటు ఇంట్లోనే సరిచేసుకోవచ్చా, మార్చుకోవచ్చా?

మీ చేతిలో ఉన్నది ఏ తుపాకీ అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ముందు ఎయిర్ గన్. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించని నాళం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. దాని సైటు మీరే సరిచేసుకోవచ్చు. వెనుక ఇసుక బస్తాలు పేర్చి, పక్కన పిల్లలు, పశువులు లేకుండా చూసుకుని, 10 మీటర్ల దూరంలో కాగితం పెట్టండి. తుపాకీని బస్తామీద ఆనించి ఒకే చుక్కకు గురిపెట్టి ఐదుసార్లు కాల్చండి. ఒక్క దెబ్బ చూసి స్క్రూ తిప్పకండి, అది చేతి వణుకు కావచ్చు. ఐదూ ఒకేచోట గుంపుగా పడితేనే తప్పు సైటుది. చెల్లాచెదురుగా పడితే సైటును ముట్టుకోవద్దు. వదులైన స్క్రూలో, పెల్లెట్‌లో, మీరు పట్టుకున్న తీరులో లోపముంది.

వెనుక సైటును, దెబ్బ ఎటు పోవాలో అటే జరపాలి. దెబ్బలు ఎడమకు పడుతుంటే వెనుక సైటు కుడికి, కింద పడుతుంటే పైకి. ముందు సైటుది సరిగ్గా ఉల్టా. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఎంత జరపాలో చిన్న లెక్క ఉంది: తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించాలి. సైట్ల మధ్య 40 సెంటీమీటర్లు, 10 మీటర్ల దగ్గర దెబ్బ 5 సెంటీమీటర్లు తప్పుతోందనుకోండి. ఐదు నలభైలు 200, దాన్ని 1000తో భాగిస్తే 0.2 సెంటీమీటరు. అంటే 2 మిల్లీమీటర్లు జరిపితే చాలు. వెనుక సైటును పూర్తిగా దించినా దెబ్బ పైకే పోతోందంటే ముందు సైటు పొట్టిదైందని అర్థం, కాస్త ఎత్తయినది వేయాలి. ఆకురాయి పెట్టి అరగదీయడం మాత్రం వద్దు. అరగదీసింది తిరిగి రాదు.

సైటు కుదిరిందని కోతిని కాల్చకండి. పెల్లెట్ దిగిన జంతువు చావకుండా కుళ్లి బాధపడుతుంది, జంతు హింస చట్టం కింద కేసూ అవుతుంది. నెమలి జోలికి పోతే వన్యప్రాణి చట్టం ఇంకా కఠినం.

ఇక లైసెన్సు తుపాకీ సంగతి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ తుపాకీ తయారీ, అమ్మకంతోపాటు మరమ్మతుకు కూడా విడిగా లైసెన్సు ఉండాలంటుంది. 2019 సవరణ తర్వాత ఈ సెక్షన్ ఉల్లంఘనకు శిక్ష ఏడేళ్ల నుంచి జీవిత ఖైదు దాకా ఉంది. మీకున్నది తుపాకీ ఉంచుకునే లైసెన్సు, బాగుచేసే లైసెన్సు కాదు. కంపెనీ ఇచ్చిన స్క్రూను తిప్పి గురి సర్దుకోవడం వాడకంలో భాగమేనని నా అభిప్రాయం. కొత్త సైటు బిగించడం, టంకం పెట్టడం, నాళానికి గాడి కోయడం మాత్రం లైసెన్సున్న మిస్త్రీ పని. ఊళ్లో వెల్డింగ్ షాపుకు ఇస్తే తుపాకీ వదిలిపెట్టినందుకు మీరూ, పట్టుకున్నందుకు అతనూ ఇరుక్కుంటారు. పైగా వెల్డింగ్ వేడికి నాళం గుణం చెడితే, మందు పేలినప్పుడు అది మీ ముఖం పక్కనే ఉంటుంది.

12 బోరు తుపాకీకి మామూలుగా ఉండేది నాళం కొన మీద చిన్న పూస. అందులో సర్దేదేమీ లేదు. గురి తప్పుతోందంటే సాధారణంగా చెంప మడమకు ఆనకపోవడమే కారణం. .315 రైఫిల్ వెనుక సైటుకు దూరం అంకెలుంటే, ఎవరో దాన్ని పెద్ద అంకెమీద వదిలేశారేమో ముందు చూడండి. సగం ‘సైటు చెడిపోవడాలు’ అక్కడే తేలిపోతాయి.

మిస్త్రీ దగ్గరికే పోదామని తుపాకీ సంచిలో చుట్టి గౌలిగూడ బస్టాండులో దిగి, అబిడ్స్, నాంపల్లి వైపు నడుద్దామనుకునేవారికి అసలు చిక్కు ఇక్కడుంది. లైసెన్సు పుస్తకంలో ‘ఏరియా’ గడి ఉంటుంది. పంట రక్షణకిచ్చిన లైసెన్సు ఆ ఊరికో, ఆ జిల్లాకో పరిమితమై ఉండొచ్చు. ఆ హద్దు దాటి తెస్తే, మంచి ఉద్దేశంతో తెచ్చినా నేరమే. ముందు లైసెన్సు ఇచ్చిన అధికారికి దరఖాస్తు పెట్టి రాతపూర్వక అనుమతి తీసుకోండి. తూటాలు తీసేసి, కేసులో పెట్టి, లైసెన్సు వెంట ఉంచుకుని నేరుగా డీలర్ దగ్గరికే వెళ్లండి. రసీదు లేకుండా తుపాకీ వదలొద్దు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు కాబట్టి అప్పుడు ప్రయాణం పెట్టుకోకండి.

ఇదంతా కుదిరినా పందిని కాల్చే హక్కు రాదు. తుపాకీ లైసెన్సు వేరు, వేట అనుమతి వేరు. 2022 సవరణ తర్వాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు ముప్పుంటే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చినవారు గానీ రాతపూర్వకంగా అనుమతించవచ్చు. కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల దాకా దించింది. మన దగ్గర ప్రస్తుతం ఎవరు సంతకం పెడతారో మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ను అడగండి. అనుమతి వచ్చినా అనుభవమున్న షూటర్‌తోనే చేయించండి. పంది వచ్చేది చీకట్లో, ఇనుప సైటు చీకట్లో కనబడదు. మక్క చేలో కదిలేది పందో, కావలికి పడుకున్న పక్క చేను మనిషో పోల్చుకోలేక ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి. ఎంత బాగా సరిచేసిన సైటైనా ఆ తేడా చెప్పదు.

ఈలోగా పంట పోతే, తెల్లారగానే నష్టం ఫొటోలు తీసి, పంచనామా కోసం అటవీశాఖ సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. అడుగుల గుర్తులు చెరిగిపోకముందే, చేను దున్నకముందే ఇవ్వాలి.