లాలాగూడ అమ్మాయి తెలుగు, మన పిల్లల తెలుగు



ఈమధ్య పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక తల్లి నాతో, "మేడమ్, మా బాబుకి తెలుగులో పాస్ మార్కులు వస్తే చాలండీ. ఇంట్లో కూడా వాడితో ఇంగ్లీషే మాట్లాడుతున్నాం, అలవాటవుతుందని" అన్నారు. ఆవిడా తెలుగువారే, భర్తా తెలుగువారే. బాబు పక్కనే కూర్చుని, మేమేం మాట్లాడుకుంటున్నామో సగం అర్థమై, సగం అర్థం కాక మా ముఖాలు చూస్తున్నాడు. ఆవిడను తప్పు పట్టాలని ఈ మాట చెప్పడం లేదు. పిల్లవాడి భవిష్యత్తు మీద బెంగతోనే ఆవిడ అలా అన్నారు. ఆ బెంగ మనందరికీ ఉన్నదే.

ఆ రోజు ఇంటికి వెళ్తుంటే నాకు మన సికింద్రాబాద్‌లోనే పెరిగిన ఒకావిడ గుర్తొచ్చారు. మీ అందరికీ తెలిసిన మనిషే, సుమ కనకాల గారు.

తెలుగు టీవీలో మాట అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు ఆవిడది. కానీ ఆవిడ మాతృభాష తెలుగు కాదు. వాళ్లది కేరళలోని పాలక్కాడ్‌కు చెందిన మలయాళీ కుటుంబం. ఆవిడ పెరిగింది మన లాలాగూడలో. రైల్వే వర్క్‌షాప్, రైల్వే క్వార్టర్లు ఉన్న ఆ పేటల సంగతి మీకు తెలుసు. నిజాం కాలం నుంచి రైల్వే ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు అక్కడ స్థిరపడ్డారు. ఒకే వరుసలో తమిళం, మలయాళం, ఉర్దూ, మరాఠీ, తెలుగు వినిపించేవి. ఆడుకోవాలంటే పక్కింటి పిల్లల భాష రావాలి. అలాంటి చోట పెరిగిన ఒక మలయాళీ అమ్మాయి తెలుగు మాటనే జీవనాధారం చేసుకుంది. తెలుగు ఇళ్లలో పుట్టిన మన పిల్లలు మాత్రం అమ్మమ్మతో ఫోన్లో రెండు వాక్యాలు మాట్లాడటానికి తడుముకుంటున్నారు. ఇది మనం కాసేపు ఆగి ఆలోచించాల్సిన విషయం కాదంటారా?

సుమ గారి కెరీర్ కూడా అనుకున్నట్టు సాగలేదు. 1996లో దాసరి నారాయణరావు గారి 'కల్యాణ ప్రాప్తిరస్తు'తో కథానాయికగా పరిచయమయ్యారు. హీరోయిన్‌గా ఎక్కువ కాలం కొనసాగలేదు. టీవీ సీరియళ్లలో నటించారు, ఆ తర్వాత యాంకర్‌గా స్థిరపడ్డారు. ఈటీవీలో మధ్యాహ్నం వచ్చే 'స్టార్ మహిళ' గుర్తుందా? పన్నెండేళ్ల పాటు, 3,000కు పైగా ఎపిసోడ్లు నడిచింది. ఊరూరి నుంచి వచ్చిన ఆడవాళ్లు ఎవరి యాసలో వాళ్లు మాట్లాడేవారు. ఆవిడ ఎవరి మాటకు తగ్గట్టు వాళ్లతో మాట్లాడేవారు. ఇది బట్టీ పడితే వచ్చేది కాదు. ఎదుటివాళ్లు చెప్పేది శ్రద్ధగా వింటేనే వస్తుంది. 2022లో వచ్చిన 'జయమ్మ పంచాయితీ' సినిమాలో ఆవిడ శ్రీకాకుళం వైపు పల్లెటూరి ఇల్లాలిగా, అక్కడి యాసలో నటించారు. పాలక్కాడ్ మూలాలు, లాలాగూడ బాల్యం, శ్రీకాకుళం యాస. భాష పుట్టుకతో వచ్చే ఆస్తి కాదు, వాడితేనే మనదవుతుందని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించలేదు.

మీరు ఇక్కడ ఒక మాట అడగవచ్చు. "మా అమ్మాయి యాంకర్ కావాలని మేమేమీ అనుకోవడం లేదు. తను ఇంజినీరో, డాక్టరో అవుతుంది. తెలుగుతో పనేముంది?" న్యాయమైన ప్రశ్నే. అయితే డాక్టరైతే గాంధీ ఆస్పత్రిలోనో, ఏ చిన్న ఊళ్లోనో రోగి చెప్పేది తెలుగులోనే వినాలి. ఇంజినీరైనా సైట్‌లో మేస్త్రీతో మాట్లాడాలి. లాయరైతే కక్షిదారు కష్టం అర్థం కావాలి. ఇంగ్లీష్ వద్దని నేను అనడం లేదు. సుమ గారికి ఇంగ్లీషూ వచ్చు, హిందీ వచ్చు, మలయాళం పోలేదు. ఒక భాష రావాలంటే ఇంకో భాషను ఇంట్లోంచి పంపించేయాలన్న మన లెక్కే తప్పు.

ఆవిడ కుటుంబ జీవితం నుంచి కూడా మనం గమనించాల్సింది ఉంది. నటుడు రాజీవ్ కనకాల గారితో 1999లో వివాహమైంది. ఇద్దరు పిల్లలు. అత్తమామలు దేవదాస్ కనకాల, లక్ష్మీదేవి గార్లు నటన నేర్పిన గురువులు. చిరంజీవి, రజనీకాంత్ లాంటివారు దేవదాస్ గారి దగ్గర పాఠాలు నేర్చుకున్నవాళ్లే. మాటను ఎలా పలకాలి, ఎక్కడ ఆపాలి అన్నది వృత్తిగా నేర్పిన పెద్దలున్న ఇల్లు అది. అలాంటి ఇల్లు అందరికీ దొరకదు, ఒప్పుకుంటాను. కానీ మన ఇళ్లలోనూ సామెత లేకుండా మాట్లాడలేని నానమ్మలు, కథ చెప్పమంటే గంట కూర్చోబెట్టే తాతయ్యలు ఉన్నారు. మనం వాళ్లను "పిల్లాడితో ఇంగ్లీషులో మాట్లాడు నాన్నా" అని ఆపేస్తున్నాం. వాళ్లు వచ్చీరాని నాలుగు ఇంగ్లీష్ ముక్కలతో సరిపెట్టుకుని, క్రమంగా మాట్లాడటమే తగ్గించేస్తున్నారు. అలా పిల్లలకు భాష ఒక్కటే కాదు, ఒక తరంతో చనువే పోతోంది.

మాటకు ఉన్న ఇంకో బాధ్యత కూడా చెప్పాలి. 2023లో ఒక సినిమా కార్యక్రమంలో సుమ గారు పాత్రికేయుల మీద వేసిన జోకు వాళ్లను నొప్పించింది. ఒకరు అక్కడే అభ్యంతరం చెప్పారు. ఆవిడ తర్వాత వీడియోలో క్షమాపణ చెప్పారు. వేల గంటలు మాట్లాడిన మనిషికైనా ఒక మాట జారుతుంది. జారినప్పుడు సర్దుకోవడం కూడా భాషలో భాగమే. మా క్లాసుల్లో పిల్లలు "సారీ" అని సులువుగా అనేస్తారు. "నేను అలా అనకుండా ఉండాల్సింది, నీకు బాధ కలిగింది" అని తమ భాషలో చెప్పమంటే మాత్రం తల దించుకుంటారు. ఆ వాక్యం నోటికి రావాలంటే మనసులోంచి రావాలి కాబట్టి.

ఆవిడ 'ఫెస్టివల్స్ ఫర్ జాయ్' పేరుతో సేవా కార్యక్రమాలు చేస్తున్నారు. పండగ సంతోషాన్ని లేనివాళ్లతో పంచుకోవాలన్నది ఆ పేరులోనే ఉంది. మన పేరెంట్స్‌లోనూ చాలామంది పిల్లల పుట్టినరోజుకు అనాథాశ్రమానికో, వృద్ధాశ్రమానికో తీసుకెళ్తున్నారు. మంచి పనే. కానీ నేను గమనించింది ఒకటి చెబుతాను, ఏమీ అనుకోకండి. కేక్ కట్ చేయడం, ఫొటో దిగడం, పంచిపెట్టడం, వచ్చేయడం. మన బాబు అక్కడి పెద్దాయనతో ఒక్క మాట మాట్లాడడు. మాట్లాడటానికి ఇద్దరికీ ఉమ్మడి భాష ఉండాలి కదా. "తాతగారూ, మీదే ఊరు?" అని అడగగలిగితే ఆ రోజు కేక్ కంటే అదే ఆయనకు ఎక్కువ గుర్తుంటుంది. సేవ చేయడానికైనా ఎదుటివాళ్ల భాష రావాలి.

2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు స్కూల్లోనైనా పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి. కాబట్టి మీ పిల్లల టైమ్‌టేబుల్‌లో తెలుగు ఉంటుంది. పుస్తకం ఉంటుంది, పరీక్ష ఉంటుంది. కానీ వారానికి కొన్ని పీరియడ్లలో నేను నేర్పగలిగింది అక్షరాలు, వ్యాకరణం, కొన్ని పద్యాలు. నాలుకకు అలవాటు చేయాల్సింది ఇల్లే. ఈ విషయంలో స్కూల్ ఫీజు ఎంత కట్టినా మీ పని మేము చేయలేం.

పెద్ద ప్రణాళికలేమీ అక్కర్లేదు. ఈ నెల మూడు పనులు చేసి చూడండి.

రాత్రి భోజనం దగ్గర ఫోన్లు పక్కన పెట్టి, ఇరవై నిమిషాలు మీ ఇంటి భాషలోనే మాట్లాడుకోండి. మీ ఇంటి భాష తమిళమో, మరాఠీయో, హిందీయో అయితే అదే మాట్లాడండి. తెలుగు వీధిలో వస్తుంది, స్కూల్లో మేమూ నేర్పుతాం. ఇంటి భాష నిలబడిన పిల్లలకు రెండో భాష అడ్డం కాదు.

ఆదివారం మోండా మార్కెట్‌కు వెళ్లినప్పుడు కూరగాయల బేరం పిల్లలకు అప్పగించండి. తప్పులు మాట్లాడతారు, మాట్లాడనివ్వండి. అక్కడ నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు, సరిదిద్దేవాళ్లే ఉంటారు.

అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యల్లో ఒకరిని వాళ్ల చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పమనండి. పిల్లలతో దాన్ని తెలుగులో పది వాక్యాలు రాయించండి. నాకు పంపితే క్లాసులో చదివిస్తాను. అక్షర దోషాలకు మార్కులు తగ్గించనని మాటిస్తున్నాను.

మీటింగ్‌లో ఆ తల్లికి ఆ రోజు నేను ఇదంతా చెప్పలేకపోయాను. వెనక ఇంకా చాలామంది వరసలో ఉన్నారు. ఆవిడ ఈ పేజీ చదువుతారని ఆశిస్తున్నాను. అమ్మా, బాబుకు మార్కుల సంగతి నేను చూసుకుంటాను. ఇవాళ సాయంత్రం వాడు స్కూల్ నుంచి రాగానే, "ఏం నాన్నా, ఇవాళ ఏం జరిగింది?" అని తెలుగులో ఒక్కసారి అడగండి. వాడు ఇంగ్లీషులో జవాబు చెప్పినా పర్వాలేదు. మీరు మాత్రం రేపు కూడా తెలుగులోనే అడగండి.