టీకా మీద నమ్మకం కావాలంటే ఖమ్మం ముచ్చట దాయొద్దు

ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా అనంగనే అధికారుల నోట ఒకటే మాట ఇనిపిస్తది. ‘జనానికి అవగాహన లేదు’ అని. నాకు ఈ మాట మీద మొదటి సంది పేచీ ఉంది. పోలియో చుక్కల ఆదివారం వచ్చిందంటే పిల్లల్ని సంకనేసుకొని పోయిన తల్లులే ఈ సూది దగ్గర ఆగి ఆలోచిస్తున్నరంటే, వాళ్లకు తెలివి లేక కాదు. వాళ్ల దగ్గర ప్రశ్నలున్నయ్. జవాబు చెప్పేటోళ్లే లేరు. మన దగ్గర ఆ ప్రశ్నలకు ఒక జాగా, ఒక సంవత్సరం కూడ ఉన్నయ్. ఖమ్మం జిల్లా, 2009.

తెలియనోళ్ల కోసం క్లుప్తంగ చెప్త. 2009 జులైల అప్పటి ఉమ్మడి ఏపీ సర్కార్, ఐసీఎంఆర్, అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ కలిసి ఖమ్మం జిల్లాల మూడు మండలాలను ఎంచుకున్నరు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం. 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండ హెచ్‌పీవీ టీకా ఏసిన్రు. గుజరాత్‌ల వడోదరల కూడ ఇట్లనే ఇంకో పది వేల మందికి. టీకాలు కంపెనీలు ఫ్రీగ ఇచ్చినయ్, ఖర్చు గేట్స్ ఫౌండేషన్‌ది. మన దగ్గర సూది ఏయించుకున్నోళ్లల్ల ఆశ్రమ పాఠశాలల్ల, హాస్టళ్లల్ల ఉండి సదువుకునే గిరిజన బిడ్డలు మస్తుగ ఉన్నరు.

కొన్ని నెలలకు, సూది ఏయించుకున్న పిల్లలల్ల రెండు రాష్ట్రాల్ల కలిపి ఏడుగురు చనిపోయిన్రన్న వార్త బయటికొచ్చింది. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం పోయి ఆరా తీసిన్రు. లొల్లి పెద్దగైంది. 2010 ఏప్రిల్‌ల కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

ఆ తర్వాత జరిగిన విచారణల ఏం తేలింది? ఒక పిల్ల క్వారీ నీళ్లల్ల మునిగి చనిపోయింది. ఒకామెను పాము కరిసింది. ఇద్దరు పురుగుల మందు తాగిన్రు. ఒకామె మలేరియాతోని పోయింది. మిగిలిన ఇద్దరి విషయంల కారణం అంత గట్టిగ తేలకపోయినా, టీకాకు సంబంధం ఉన్నట్టు ఆధారం దొరకలేదు. అంటే మనుషులను చంపింది ఆ సూది కాదు. ఈ మాట ఎంత గట్టిగ చెప్తే అంత మంచిది.

కానీ రెండో మాట కూడ అంతే గట్టిగ చెప్పాలె. 2013 ఆగస్టుల పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ రిపోర్ట్‌ల ఈ ప్రాజెక్టును కడిగి పారేసింది. ఉమ్మడి ఏపీ నుంచి వచ్చిన 9,543 అంగీకార పత్రాలు చూస్తే, 1,948 కాగితాల మీద వేలిముద్రలున్నయ్. 2,763 కాగితాల మీద సంతకం పెట్టింది అమ్మానాయిన కాదు, హాస్టల్ వార్డెన్లు. టీకా తర్వాత పిల్లకు ఏమన్నైతే ఎవరికి చెప్పాలె, ఎవరు చూస్కోవాలె అన్న ఏర్పాటు సరిగ లేదని కూడ సంఘం తేల్చింది.

టీకా మంచిదే, ఏసిన తీరు మాత్రం తప్పు. ఈ రెండు మాటలు ఒక్క నోట చెప్పే ధైర్యం ఇన్నేండ్లల్ల ఎవరికీ రాలే. టీకా కావాలనేటోళ్లు వార్డెన్ సంతకాల ముచ్చట మింగుతరు. వద్దనేటోళ్లు పాము కాటు ముచ్చట మింగుతరు. మధ్యల భద్రాచలం పక్కన గూడెంల ఉన్న తల్లికి మిగిలింది ఒక్కటే, ‘అప్పట్ల సూదేస్తే పిల్లలు సచ్చిపోయిన్రట’ అన్న మాట.

దీనికి కట్టిన ధర తక్కువేం కాదు. 2022 గ్లోబోకాన్ అంచనా ప్రకారం మన దేశంల ఏడాదికి 1.27 లక్షల మంది ఆడోళ్లకు ఈ క్యాన్సర్ వస్తున్నది. దాదాపు 80 వేల మంది చనిపోతున్నరు. 2010ల పన్నెండేండ్లున్న పిల్ల ఇయ్యాల ఇద్దరు పిల్లల తల్లి. ఆ వయసోళ్లకు టీకా దక్కే టైం దాటిపోయింది, ఇక ముప్పై దాటినంక పరీక్షలు చేపించుకునుడే దారి. పట్నంల ఉన్నోళ్ల ముచ్చట వేరే. ప్రైవేట్ దవాఖానల వేలకు వేలు పెట్టి తమ బిడ్డలకు ఎప్పుడో ఏపించుకున్నరు. ఆగింది పేదోళ్ల బిడ్డలకే.

ఇందుల ఇంకో విచిత్రం ఉంది. రెండు డోసులు సాల్తయా, మూడు కావాల్నా అని తేల్చేతందుకు 2009లనే దేశంల వేరే ఊర్లల్ల ఒక పెద్ద పరిశోధన మొదలైంది. ఖమ్మం లొల్లితోని అది కూడ 2010 ఏప్రిల్‌ల ఆగింది. దాంతోని కొన్ని వేల మంది పిల్లలకు ఒక్క డోసే పడ్డది. వాళ్లను పదేండ్లు వెంబడి చూస్తే, క్యాన్సర్ తెచ్చే ముఖ్యమైన రెండు రకాల వైరస్‌ల నుంచి ఆ ఒక్క డోసే దాదాపు 95 శాతం కాపాడుతున్నట్టు తేలింది. 2022 డిసెంబర్‌ల ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసుకు ఒప్పుకున్న ఆధారాలల్ల మన పిల్లలది కూడ ఉంది. మన దగ్గర ఆగిన సూది ప్రపంచానికి పనికొచ్చింది, మనకే ఏండ్ల తరబడి అందలే.

మరి పోయిన నమ్మకం మళ్ల వస్తదా? వస్తది. డెన్మార్క్‌ల 90 శాతం దాక ఉన్న ఇదే టీకా, టీవీలల్ల వచ్చిన కథనాల తర్వాత 40 శాతం దగ్గరికి పడిపోయింది. అక్కడి సర్కార్ తల్లులను ‘మీకు తెల్వదు’ అనలే. 2017ల ఆరోగ్య శాఖ, క్యాన్సర్ సంఘం, డాక్టర్ల సంఘం ఒక్కతాటి మీదికొచ్చి, ఫేస్‌బుక్‌ల తల్లులు పెట్టిన ఒక్కో ప్రశ్నకు కూసొని జవాబులిచ్చినయ్. క్యాన్సర్ వచ్చిన ఆడోళ్లతోనే మాట్లాడిపిచ్చినయ్. టీకాలు మళ్ల పెరిగినయ్. అంత దూరం ఎందుకు, మన సిక్కిం 2018ల బడి పిల్లలకు హెచ్‌పీవీ టీకా ఏస్తే 97 శాతం దాక అందింది. సూదికి ముందుగాలనే టీచర్లకు, డాక్టర్లకు, విలేకర్లకు ట్రెయినింగ్ ఇచ్చి, తల్లిదండ్రులను పిలిచి మాట్లాడిన్రు. చిన్న రాష్ట్రం కాబట్టి అయిందంటరా? మన ఒక్కో జిల్లా ఆ రాష్ట్రమంతనే ఉంటది. జిల్లాకొక్క సిక్కిం చేస్కుంటే సాలు.

మన దగ్గర అవగాహన అంటే ఎట్లుంటదో 2024 ఫిబ్రవరిల చూసినం. మధ్యంతర బడ్జెట్‌ల 9 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తమని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పిన్రు. తెల్లారే నటి పూనమ్ పాండే ఈ క్యాన్సర్‌తోని చనిపోయిందని వార్త వచ్చింది. ఆ మర్నాడు ఆమెనే వచ్చి, బతికే ఉన్న, అవగాహన కోసం చేసిన అన్నది. అనుమానం పోగొట్టాల్సిన కాడ అబద్ధం ఆడితే ఏమైతదో వేరే చెప్పాల్నా?

నేను ఇన్న ప్రశ్నలు చాలా మామూలుయి. ‘పిల్లలు పుట్టకుండ అయితదా అమ్మా?’ అని నర్సమ్మను అడుగుతరు. కాదు, దానికి ఏ ఆధారం లేదు. ‘పెండ్లి కాని పిల్లకు ఇప్పుడే ఎందుకు?’ అంటరు. వైరస్ సోకక ముందే ఏస్తేనే బాగ పనిచేస్తది కాబట్టి. ‘నా బిడ్డ మీద ఏమన్న మచ్చ పడ్తదా?’ ఈ మూడోదే గట్టి ప్రశ్న, దీనికి పోస్టర్ మీద జవాబు ఉండదు. ఆశా వర్కర్ ఇంటికి పోయి, కూసొని, పదినిమిషాలు మాట్లాడాలె. ఆ పదినిమిషాలకు ఆమెకు టైం ఇచ్చిన్రా? టార్గెట్ పెట్టి, సాయంత్రానికి రిపోర్ట్ పంపుమంటే ఆమె మాత్రం ఏం చేస్తది?

హాస్టళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగ చూడాలె. ఈ వయసు పిల్లలు సూది అంటేనే భయంతోని కండ్లు తిరిగి పడ్తరు. ఒక్కరు పడితే చూసినోళ్లు కూడ పడ్తరు. కొలంబియాల కార్మెన్ డి బొలివార్ అనే ఊర్ల 2014ల ఇట్లనే బడి పిల్లలు వరసపెట్టి పడిపోయిన్రు. టీకాకు సంబంధం లేదని తర్వాత తేలినా, వీడియోలు అప్పటికే దేశమంత తిరిగినయ్. 2012ల 90 శాతం దాటిన టీకా 2016 కల్లా 14 శాతానికి పడ్డది. మన దగ్గర వాట్సాప్‌కు అంత టైం కూడ పట్టదు. అందుకే పిల్లలను లైన్ల నిలబెట్టి అందరి ముందట సూది పొడుసుడు బంద్ చేయాలె. కూసోవెట్టి ఏయాలె, పావుగంట కూసోనియ్యాలె, దగ్గర డాక్టర్ ఉండాలె.

సంతకం సంగతి అసలు బేరం పెట్టే ముచ్చటే కాదు. టీకా బలవంతంగ ఏయరాదని, టీకా తర్వాత వచ్చే ఇబ్బందుల వివరాలు జనం ముందట పెట్టాలని 2022 మే 2న సుప్రీంకోర్టు కోవిడ్ టీకాల కేసుల చెప్పింది. ఆ లెక్కన హెచ్‌పీవీకి కూడ జిల్లాకొక లిస్టు పెట్టాలె. ఎంతమందికి ఏసిన్రు, ఎవరికి ఏమైంది, విచారణల ఏం తేలింది అని. ఏజెన్సీ గూడేలల్ల కోయ భాషల, తండాలల్ల లంబాడి భాషల చదివి వినిపించాలె. హాస్టల్ పిల్లల అమ్మానాయినలను ముందుగాల పిలిపించుడో, కాగితం ఇంటికి పంపుడో చేయాలె. దసరా సెలవులకు పిల్లలు ఎట్లైనా ఇంటికి పోతరు, సంతకం ఆ పది రోజులల్ల వస్తది. రాని పిల్లకు ఆ రోజు సూది ఏయొద్దు. పక్క నెల మళ్ల అడగొచ్చు.