యంత్రం ఇంటికి రాకముందే పెద్దవారిని అడుగుదాం



ఆసుపత్రిలో చీటీ రాయించుకుని వరుసలో కూర్చున్న పెద్దవారిని పలకరిస్తే తరచు వినిపించే మాట ఒకటి ఉంది: "పిల్లలు దూరంగా ఉన్నారండీ." కొందరి పిల్లలు హైదరాబాదులో, కొందరివారు గల్ఫులో, మరికొందరివారు అమెరికాలో. అమ్మ వేళకు తిన్నదో లేదో, నాన్న మాత్ర వేసుకున్నాడో లేదో అని అక్కడ వారికి బెంగ. ఆ బెంగకు మందుగా నేడు బజారులో ఎన్నో యంత్రాలు దొరుకుతున్నాయి. అడుగులు లెక్కపెట్టే గడియారాలు, నిద్రను కొలిచే పట్టీలు, షుగరు ఎంతుందో ఫోనులో చూపించే చిన్న బిళ్ళలు. వీటిని కొనేముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలని మా మనవి.

లండనులో సూపర్‌ఫ్లక్స్ అనే డిజైన్ సంస్థ ఉంది. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో చదువుకున్న అనబ్ జైన్, జాన్ ఆర్డర్న్ కలిసి దీనిని స్థాపించారు. వీరు 2015లో 'అన్‌ఇన్వైటెడ్ గెస్ట్స్', అంటే పిలవని అతిథులు, అనే చిన్న చిత్రం తీశారు. అందులో 70 ఏళ్ల థామస్ భార్య చనిపోయాక ఒంటరిగా ఉంటాడు. పిల్లలు ప్రేమతో అతనికి మూడు వస్తువులు పంపుతారు. ఏమి తింటున్నాడో చూసే ఫోర్కు, ఎంత నడిచాడో లెక్కపెట్టే చేతికర్ర, ఎప్పుడు పడుకున్నాడో చెప్పే మంచం. ఆ వస్తువులు ఊరుకోవు. ఉప్పు ఎక్కువైంది, నడక తక్కువైంది, నిద్రవేళ అయింది అని పోరుతూనే ఉంటాయి.

కొన్నాళ్లకు థామస్ ఉపాయం కనిపెడతాడు. ఫోర్కును కూరగాయల పళ్ళెంలో గుచ్చి, తాను మాత్రం ఇష్టమైన వేపుడు తింటాడు. చేతికర్రను పక్కింటి కుర్రవాడికిచ్చి నడిపిస్తాడు. మంచం మీద పుస్తకాల బరువు పెట్టి, తాను హాయిగా మేలుకుని ఉంటాడు. దూరాన ఉన్న పిల్లలకు మాత్రం నాన్న చక్కగా ఉన్నట్టే లెక్క అందుతుంది.

చూస్తే నవ్వు వస్తుంది, కాని ఇది మనకు కొత్త కథ కాదు. "మాత్ర వేసుకున్నావా?" అని కొడుకు ఫోనులో గద్దించినట్టు అడిగితే, "వేసుకున్నానురా" అనే తండ్రులు మన మధ్య లేరా? గద్దింపు మనిషి చేసినా యంత్రం చేసినా, దానికి దొరికే జవాబు అదే. యంత్రం చూపిన అంకె నిజమని నమ్మి పిల్లలు ఫోను చేయడం కూడా తగ్గిస్తే, అపాయం అక్కడే మొదలవుతుంది.

ఆ చిత్రంలోని వస్తువులు అమ్మడానికి చేసినవి కావు. రేపు ఇలాంటివి ఇంటికి వస్తే మన బతుకు ఎలా ఉంటుందో ముందే కళ్లకు కట్టడానికి చేసినవి. ఈ పద్ధతిని 'స్పెక్యులేటివ్ డిజైన్' అంటారు, ఊహించి చూసే డిజైన్ అనుకోవచ్చు. ఆంథొనీ డన్, ఫియొనా రాబీ 2013లో దీనిపై ఒక పుస్తకం రాశారు. రేపు ఇలాగే జరుగుతుందని జోస్యం చెప్పడం దీని పని కాదు. మనకు ఎలాంటి రేపు కావాలో అందరూ కూర్చుని మాట్లాడుకునేలా చేయడమే దీని పని.

యంత్రం తయారుకాకముందే దానిని పరీక్షించవచ్చు కూడా. మాటలు విని టైపు చేసే యంత్రం ఇంకా సరిగా లేని రోజుల్లో, ఐ.బి.ఎం. పరిశోధకులు ఒక ఉపాయం చేశారు. ఒక మనిషి మైకులో మాట్లాడేవాడు, వేరే గదిలో ఒక టైపిస్టు విని కొట్టేవారు, అక్షరాలు తెరమీద కనిపించేవి. ఇలాంటి యంత్రం వస్తే జనం ఎలా వాడుకుంటారో ఆ విధంగా తెలుసుకుని 1983లో ప్రకటించారు. అలాగే 1996లో పామ్ పైలట్ అనే జేబు కంప్యూటరు రాకముందు, దాని రూపకర్త జెఫ్ హాకిన్స్ ఆ కొలతకు కోసిన చెక్కముక్కను జేబులో పెట్టుకు తిరిగి, కంప్యూటరేనన్నట్టు వాడి చూశాడు.

ఈ పరీక్ష మన ఇళ్లలోనూ చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. యంత్రం కొనేముందు ఒక వారం ఆ యంత్రం చేసే పనిని మీరే ఫోను ద్వారా చేయండి. ఉదయం నిద్ర గురించి, మధ్యాహ్నం భోజనం గురించి, సాయంత్రం నడక గురించి అడిగి రాసుకోండి. వారం చివర అమ్మనో నాన్ననో కూర్చోబెట్టి ఈ మూడు ప్రశ్నలు వేయండి:

1. ఇలా రోజూ అడగడం నీకు ధైర్యంగా ఉందా, విసుగ్గా ఉందా?
2. ఏ సంగతి మాకు తెలియాలి, ఏది నీ దగ్గరే ఉండాలి?
3. వద్దనుకున్నప్పుడు ఆపడం నీ చేతిలో ఉండాలా, మా చేతిలోనా?

ఇలా అంటున్నామని యంత్రాలే వద్దంటున్నామని అనుకోవద్దు. పడిపోయినవారిని గుర్తించే చేతిగడియారాన్ని ఆపిల్ సంస్థ 2018లో తెచ్చింది. పడిన మనిషి కదలకపోతే అది తానే అత్యవసర నంబరుకు ఫోను చేస్తుంది. స్నానాలగదిలో జారిపడిన ఒంటరి మనిషికి అది ప్రాణదానమే కావచ్చు. షుగరు బిళ్ళలూ ఎందరికో మేలు చేస్తున్నాయి. అయితే వాటి అంకెలు చూసి మందు మోతాదును మీ అంతట మీరు మార్చవద్దు, వైద్యుని అడగండి.

మేము చెప్పేది ఒక్కటే. యంత్రం ఎవరి ఒంటిమీద ఉంటుందో మొదటి మాట వారిదే కావాలి. నాన్నకు చేతికర్ర పంపండి, తప్పులేదు. పంపేముందు ఆయనను అడగండి, వీలైనప్పుడు వచ్చి ఆయనతో నాలుగడుగులు నడవండి.