సగము ఖడ్గము

బాల్యమున ఆడుకొన్న బొమ్మను పెద్దయైన పిదప మరల చేతబట్టి చూచుట వట్టి వేడుక యని కొందరి తలంపు. వేడుకయే కావచ్చును, అందు విమర్శకును చోటు కలదు.

అమెరికాలో 1980 ప్రాంతమున బాలురుగా నున్నవారు నేడు ఏబదికి అటునిటుగా నున్నారు. వారిలో పలువురు ఆనాటి బొమ్మలను వెదకి కొని, అద్దాల బీరువాలలో వరుసదీర్చుచున్నారు. మాటెల్ సంస్థ 1982లో అమ్మకమునకు తెచ్చిన 'హీ-మ్యాన్' వాటిలో ఒకటి. ఐదున్నర అంగుళముల ప్లాస్టిక్ వీరుడు. ఉబ్బిన కండలు, పసుపు జుట్టు. నడుము త్రిప్పి విడిచినచో లోపలి స్ప్రింగు వలన మొండెము గిఱ్ఱున వెనుకకు తిరిగి, పిడికిలి ఎదుటివానిని తాకును. యంత్రమంతయు ఇంతే.

ఈ బొమ్మలో చూడదగినది దాని కత్తి. ఆ కత్తి సగమే. ఒక ప్రక్క నిలువునా చీల్చినట్లు చదునుగా నుండును. తక్కిన సగము అతని పగవాడైన పుర్రెమొగము 'స్కెలిటార్' బొమ్మతో వచ్చినది. రెంటిని జతపరచిననే ఖడ్గము పూర్తి యగును. రెండు సగములు కలిసినప్పుడే గ్రేస్కల్ కోట తలుపు తెరచుకొనునని బొమ్మతో ఇచ్చిన తొలి చిరుపుస్తకములోని కథ. వీరునకు లోటు కలదనియు, అది తీర్చునది శత్రువు చేతనే ఉన్నదనియు ఆ ప్లాస్టిక్ ముక్క చెప్పకయే చెప్పినది. కథకు ఇంతకంటె బీజమేమి కావలెను?

ఆ చిరుపుస్తకము చెప్పినది కొంచెమే. అందు రాజకుమారుడు లేడు, మారురూపము లేదు. అడవినుండి వచ్చిన యోధుడొకడు, అంతే. మిగిలినది ఆడుకొను బాలుడు కల్పించుకొనవలసినదే. 1983లో ఫిల్మేషన్ వారి టెలివిజన్ కథామాలిక ఆరంభమై, 130 భాగములు సాగినది. అందు వీరుడు ఆడమ్ అను రాజకుమారుడైనాడు. ఖడ్గము మొదటినుండియు అతని చేత సంపూర్ణమే. భాగము చివర నీతివాక్యము. ఆ వీరుడు కత్తితో ఎవ్వరిని గాయపరుపడు. అది మెచ్చదగినదే. కాని బాలుడు చేయవలసిన పనిని తెర తానే చేసిపెట్టినది.

బొమ్మ వ్యాపార వస్తువే గదా, దానికింత విచారమేల యని అడుగవచ్చును. నిజమే. వీరుడెక్కు పచ్చపులిని సయితము ఆ సంస్థ తన పూర్వపు 'బిగ్ జిమ్' బొమ్మలకై చేసిన పులి మూసనుండియే తీసినది. ఈ వీరుని ప్రక్కన ఆ పులి మిక్కిలి పెద్దదైనది. జీను వేసి దానిని వాహనము చేసిరి. పొదుపునకై చేసిన పని కల్పనకు తోడ్పడినది. వర్తకుని ఉద్దేశము వేరైనను, అతడు విడిచిన ఖాళీ బాలునకు దక్కినది.

నేడు పెట్టె విప్పని బొమ్మకే వెల ఎక్కువ. 2020లో మాటెల్ తొలిరూపమును పోలిన బొమ్మలను 'ఆరిజిన్స్' అను పేర మరల తెచ్చినది. వానిని కూడ పెట్టెలోనే దాచువారున్నారు. ఇది బొమ్మకు గౌరవము కాదు. ఆడిన బొమ్మకు రంగు పోవును. లోపలి రబ్బరు సాగి కాళ్లు వ్రేలాడును. అవి అది చేసిన యుద్ధములకు సాక్ష్యములు. మన సంక్రాంతి కొలువులో కొండపల్లి దశావతారములు ఏటేట పెట్టెనుండి వెలికివచ్చి, పేరంటమునకు వచ్చిన పిల్లలకు కథ చెప్పించి, మరల పెట్టె చేరును. బొమ్మ పాతబడినను, చెప్పు నోరు మారుచుండుట వలన కథ పాతబడదు.

ఉపాధ్యాయులు ఆలోచింపవలసినది ఇచటనే కలదు. కథను నీతితో సహా చెప్పి ముగించుట సులభము. సగము చెప్పి, తక్కిన సగము విద్యార్థి చేతికిచ్చుట కష్టము. 'ఈ కథలోని నీతి యేమి?' అని అడిగినంత తరచుగా 'తరువాత ఏమి జరిగియుండును?' అని మన తరగతులలో అడుగుట లేదు. అడిగిన వెంటనే జవాబు రాదు. తరగతి కొంతసేపు మౌనముగా నుండును. ఉపాధ్యాయుడు ఆ మౌనమును తానే పూరింపక ఓపికతో వేచియుండవలెను. బాలుడు తన సగమును వెదకుకొనునది అప్పుడే.