పన్నెండు ద్వారాల ఇల్లు

పాత ఇల్లు కొత్తవారి చేతికి రావడం లోకంలో వింత కాదు. అయితే వచ్చినవారు ఒక కుటుంబం కాక ఒక సంఘమైనప్పుడు, ఆ ఇంటిపై వారి హక్కు ఎంత, ఇతరుల పట్ల వారి బాధ్యత ఎంత అన్న ప్రశ్న పుడుతుంది. మన విద్యార్థి సంఘాలు తమ సమావేశాలకూ పఠన మందిరానికీ ఒక చోటు కోరుతున్న ఈ తరుణంలో, ఈ ప్రశ్నను కళాశాల కమిటీవారి ముందూ తోటి విద్యార్థుల ముందూ ఉంచదలచాము. "పట్టణంలో ఏ పాత మేడైనా దొరికితే చాలును" అని కొందరు మిత్రుల మాట. దొరికితే సంతోషమే. దొరికిన పిమ్మట ఏమి చేయాలో ముందుగా ఆలోచించుకోవాలని మా మనవి.

ఇందుకు హైదరాబాదులోని గోషామహల్ బారాదరి కంటె తగిన ఉదాహరణ మాకు కనబడలేదు. రామదాసు కథ వలన తెలుగువారందరికీ పరిచితుడైన తానీషా, అనగా గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్, 1682 ప్రాంతంలో దీనిని కట్టించాడు. ఉర్దూ చదివే మిత్రులకు ఈ పేరు వివరించనక్కరలేదు. తక్కినవారి కోసం చెబుతున్నాము. గోషా అనగా మరుగు, పరదా. విశాఖపట్నపు ఘోషా ఆసుపత్రి పేరులో ఉన్నదీ ఈ మాటే. బారాదరి అనగా పన్నెండు ద్వారాలు గలది. మరుగు కోసం కట్టిన ఇంటికి పన్నెండు ద్వారాల పేరు! అంతఃపుర స్త్రీలకు గాలి, వెలుతురు కావాలి. పరుల చూపు మాత్రం సోకరాదు. ఆ కాలపు మర్యాద అంతా ఆ రెండు మాటలలో ఇమిడి ఉంది.

కట్టిన అయిదేండ్లకే, 1687లో, గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తానీషా దౌలతాబాదు కోటలో బందీగా ఉండి 1699లో మరణించాడు. ఆ తరువాత దాదాపు రెండు శతాబ్దాలకు, 1872లో, ఈ భవనం ఫ్రీమేసన్ల చేతికి వచ్చింది. అప్పటికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ బాలుడు. రాజ్యభారం సాలార్‌జంగ్ మోస్తున్నాడు.

ఫ్రీమేసన్లు పరస్పరం సోదరులని పిలుచుకొనే ఒక సమాజం. 1717లో లండనులో ఏర్పడిన గ్రాండ్ లాడ్జితో దానికి స్థిరమైన రూపం వచ్చింది. రాతిపనివారి మూలమట్టం, వృత్తలేఖిని వారి చిహ్నాలు. తలుపులు మూసి జరుపుకొనే ఆచారాలను చూచి మన దేశంలో సామాన్యులు వారి లాడ్జీలను జాదూఘర్ అన్నారు. మంత్రాలేమో గాని, వారు చేసిన మేలు కాదనలేనిది. వర్ణ మత భేదాలు బలంగా ఉన్న రోజులలో హిందువు, ముసల్మాను, పారసీ, క్రైస్తవుడు లాడ్జిలో సరిసమానంగా కూర్చున్నారు. పైగా దీపం పెట్టే దిక్కులేక ఎన్నో హవేలీలు నేలకూలిన నగరంలో, ఒక సంఘం కాలు పెట్టిన ఇల్లు నిలిచింది. మనుషులు మసలే ఇంటికి చూరు కారితే చూచే కన్ను ఉంటుంది.

అయినా ఒక మాట అనక తప్పదు. మేసన్ల సంప్రదాయ లాడ్జీలలో స్త్రీలకు సభ్యత్వం లేదు. స్త్రీల కోసం కట్టిన ఇల్లు పురుషుల సోదర సంఘానిదైంది. పరదా పోలేదు, పక్క మారిందంతే.

అదే నగరంలో కోఠి రెసిడెన్సీ కథ వేరు. కిర్క్‌పాట్రిక్ కాలంలో అక్కడ ఖైరున్నిసా బేగం కోసం రంగమహల్ అనే అంతఃపురం వెలిసింది. 1924లో స్థాపించిన మహిళా కళాశాల 1949లో ఆ రెసిడెన్సీకి తరలివచ్చింది. ఒక బేగం పరదాలో నివసించిన ఆవరణలో వేలాది బాలికలు పుస్తకాలతో తిరిగారు. నేడు అది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం.

అంత దూరం పోనక్కరలేదు. 1958లో మాన్సాస్‌ను స్థాపించిన పి.వి.జి. రాజు గారు తమ పూర్వుల విజయనగరం కోటను విద్యకు అప్పగించారు. కోరుకొండలోని వారి ప్యాలెసులో 1962లో సైనిక పాఠశాల వెలిసింది. చిరకాలం బాలురకే పరిమితమైన సైనిక పాఠశాలలలో 2021-22 నుండి బాలికలకూ ప్రవేశం దొరికింది. ఆలస్యమైనా తలుపు తెరుచుకుంది.

మన రాజాం బొబ్బిలి కథలో తాండ్ర పాపారాయుడు ఉండిన చోటు. ఆ కథను తరతరాలుగా విన్నాము గాని, ఊరిలోని పాత ఇళ్లను ఎవరు కట్టారో, ఎవరు ఉన్నారో వ్రాసి పెట్టుకొనే అలవాటు మనకు లేదు. కనుక మనకొక పాత మేడ లభిస్తే, మొదట చేయవలసిన పని సున్నం వేయడం కాదు. ఆ ఇంటి పెద్దలను అడిగి దాని కథ వ్రాసుకోవడం. సభ్యుల చందాలో కొంత మరమ్మతుకే విడిగా ఉంచాలి. విద్యార్థినులకు వారానికొక పూట అని దయతో కేటాయించడం మాకు సమ్మతం కాదు. తాళంచెవి వారి చేతిలోనూ ఉండాలి. సభ్యులు కాని ఊరివారు వచ్చి పత్రిక చదువుకొనేందుకు వీధి గది ప్రతి సాయంత్రం తెరిచి ఉంచాలి. ఇవన్నీ ఇల్లు పుచ్చుకొనక ముందే కమిటీవారు ఒప్పందంగా వ్రాయించి, ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక పలకపై చెక్కించి, గుమ్మం పక్కన తగిలించాలని కోరుతున్నాము.